అంగన్‌వాడీలో నా కుర్చీ

జూన్ 12

ఇవాళ బడులు తెరిచారు. సుల్తాన్ బజార్‌లో మా యూనిఫారాల దుకాణం ముందు ఈ రోజున కాలు పెట్టే సందు ఉండదు. నేను మాత్రం చిక్కడపల్లిలో, ఇంట్లో, ఫ్యాను కింద ఉన్నాను. టిఫిన్ దగ్గర ఉదయ్ కుమార్ అన్నాడు, "బాపు, ఈసారి దుకాణం నేను చూస్కుంట. నువ్వు జర రెస్ట్ తీస్కో." కన్నకొడుకు అంత ప్రేమగా చెబితే కాదంటామా? రెస్ట్ తీసుకుంటున్నాను. గిరాకీ ఎలా ఉందోనని ఊరికే ఫోన్ చేశాను. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. తీరిక లేక అయి ఉంటుంది.

నాకూ ఒక పని అప్పజెప్పారు. మనవరాలు అనూహ్యకి బడి చూడాలి. కోడలు శ్రీలక్ష్మికి ఆఫీసులో సెలవు దొరకదు. ఇక మిగిలింది ఈ జగదీశ్వర్ సేటే కదా.

జూన్ 14

నారాయణగూడలో ఒక ప్లే స్కూలుకి వెళ్ళాం. గోడల మీద ఏనుగులు, కుందేళ్ళు. ఒక అమ్మాయి మోకాళ్ళ మీద కూర్చుని అనూహ్యని ఇంగ్లీషులో పేరు అడిగింది, రంగులు అడిగింది. మా పిల్ల నా లాల్చీ కిందికి దూరింది. రంగులు తెలియక కాదు. బట్టల తాన్ల మధ్య పెరిగిన పిల్ల, మూడున్నరేళ్ళకే గులాబీకీ కనకాంబరానికీ తేడా పట్టేస్తుంది. అదే నేను చెప్పబోతే, "మీరు ఆగండి అంకుల్" అంది ఆ అమ్మాయి. చివరికి, మాటలు బాగా వచ్చాక వచ్చే ఏడాది తీసుకురమ్మని మర్యాదగా చెప్పి పంపింది.

ఇంట్లో ఈ సంగతి ఎవరమూ పైకి అనం. డాక్టరు అన్నీ చూశాడు. చెవులు బాగున్నాయి, తెలివి బాగుంది. "నలుగురు పిల్లల్లో వెయ్యండి, బలవంతం చెయ్యకండి" అన్నాడు. ఇంట్లోనైతే ఒకటి అరా మాటలు వస్తాయి. బయటి మనిషి కనబడితే అవీ ఉండవు. నాకు మాత్రం ఏ ఇబ్బందీ లేదు. దాహం అని అది అనేలోపే గ్లాసు అందిస్తాను. అంత దగ్గరివాళ్ళం మేమిద్దరం.

జూన్ 16

మా చిక్కడపల్లిలోనే ఇంకొకటి. మూడో అంతస్తు, ఏసీ గది. అక్కడ కూర్చున్న తాతల్లో సగం మంది నాకు తెలుసు. వాళ్ళ పిల్లలకి నిక్కర్లు అమ్మింది నేనే. లోపలి పిల్లలంతా మాలాంటి ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళే. అనూహ్య బల్ల కింద కూర్చుని ఎంతకీ బయటికి రాలేదు. తాతలు పాపం మొహాలు తిప్పుకుని సెల్‌ఫోన్లు చూసుకున్నారు. నవ్వినా ఇంత కష్టంగా ఉండేది కాదు.

జూన్ 19

ఇవాళ ఊరికే నడకకి వెళ్ళాం, పిల్లా నేనూ. అశోక్ నగర్‌లో కోచింగ్ సెంటర్ల వెనక, దోమలగూడ వైపు దిగే సందులో ఒక గది. పైన ఉద్యోగ పరీక్షలకి చదువుకునే కుర్రాళ్ళ హాస్టలు, కింద అంగన్‌వాడీ. ఇన్నేళ్ళుగా ఆ దారిన పోతున్నాను, ఆ బోర్డు చూసిన గుర్తు లేదు. హైదరాబాదులో ఏ బడికి ఏ రంగు గుడ్డో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. దీనికి రంగంటూ లేదు కాబట్టి నా కంట్లో పడలేదేమో.

లోపల పిల్లలు చప్పట్లు కొడుతూ ఏదో పాట పాడుతున్నారు. అనూహ్య ఆగిపోయింది. నేను చెయ్యి లాగినా కదలలేదు. టీచరు బయటికి వచ్చింది. నవనీత అని పేరు, నలభై లోపు ఉంటుంది.

"ఎవరు గావాలె సార్?"

"ఎవరూ వద్దమ్మా. ఉత్తగ చూస్తున్నం."

"చూస్తందుకు ఏమున్నది సార్, పిల్లలే. మీ పాపనా? లోపలికి రానీయుండ్రి."

మా పిల్లలాంటివాళ్ళని కూడా చేర్చుకుంటారా అని అడిగాను. ఆమె నవ్వింది. "గవర్నమెంటుది సార్, ఎవరి పిల్లనైనా తీస్కుంటం. గని మీ అపార్ట్‌మెంట్లకెల్లి ఇంతవరకు ఒక్కరు గూడ రాలే." ఫీజు ఎంతని అడిగితే ఇంకా నవ్వింది.

నవ్వే మనిషి. నాకు నచ్చింది.

జూన్ 20

చూసొస్తే తప్పేముంది.

జూన్ 21

వెళ్ళాం. నాకు ఒక ప్లాస్టిక్ కుర్చీ వేశారు, గుమ్మం పక్కనే. బట్టలు చూసి ఎవరెక్కడివాళ్ళో చెప్పడం నాకు అలవాటు. ఇక్కడ నా విద్య ఏమీ పనిచేయలేదు. జరీ అంచు గౌను వేసుకున్న పిల్ల పెద్దింటి పిల్ల అనుకున్నాను. వాళ్ళమ్మ నాలుగిళ్ళలో అంట్లు తోముతుందట. చిరుగుల చొక్కా పిల్లవాడు, బబ్లూ, సందు మొదట్లో కిరాణా కొట్టాయన కొడుకే, ఎన్ని చొక్కాలు తొడిగినా చింపేస్తాడట. ఆటో డ్రైవరు కూతురు ఉర్దూలో అలుగుతుంది. నేపాలీ వాచ్‌మన్ కొడుకు ఏ భాషలో పిలిచినా పలుకుతాడు. బంగారం పని చేసే బెంగాలీల పిల్ల ఉంది. ఎక్కువమంది మాత్రం పాలమూరు నుంచి కూలికి వచ్చినవాళ్ళ పిల్లలు. టీచరు ఒక్క మాటలో రెండు భాషలు కలిపేస్తుంది: "అరే బైఠో, సక్కగ కూసోండ్రి." అందరూ కూర్చుంటారు. ఇంత చిన్న గదిలో ఇంత దేశం ఉందని నాకు ఎవరూ చెప్పలేదే!

అనూహ్య చెప్పుల దగ్గర కూర్చుంది. ఒక పిల్ల వచ్చింది. శివలీల అట, నాలుగేళ్ళు, నారాయణపేట దగ్గరి ఊరు, మాటలో సగం కన్నడం. ఏమీ అడగలేదు, అనూహ్య జడ క్లిప్పు లాగి తన తలకి పెట్టుకుంది. నేను లేవబోయాను. మా పిల్ల ఏడవలేదు. ఆ క్లిప్పుని అలాగే చూస్తూ కూర్చుంది.

ఇంట్లో మా ఆవిడ అరుంధతికి, పార్కుకి వెళ్ళామని చెప్పాను.

జూన్ 27

మాట్లాడింది! "నాది ఇయ్యి" అంది శివలీలతో. అదే క్లిప్పు గురించి. మా అనూహ్య, బయట, బయటి పిల్లతో! నేను సందులోకి వచ్చి కళ్ళద్దాలు తుడుచుకున్నాను. పైనుంచి దిగుతున్న హాస్టలు కుర్రాడు "ఏమైంది తాత?" అని అడిగాడు కూడా. మళ్ళీ లోపలికి వచ్చి కుర్చీ ఇంకొంచెం ముందుకి జరుపుకున్నాను. తర్వాతి మాట ఏమంటుందో వినాలి కదా. ఇవాళ్టికి ఇంకేమీ అనలేదు.

జులై 3

అరుంధతికి తెలిసిపోయింది. పార్కులో ఇంత ఆవాల వాసన, పప్పు వాసన ఎక్కడిదని నిలదీసింది.

"అక్కడ గుడ్డు పెడ్తరు గద. మన పిల్ల తిన్నదా?"

"నేను చూడలే" అన్నాను. అది నిజం. గుడ్లు పంచే వేళకి నేను గోడ మీది కేలండర్ చూస్తుంటాను.

"మనోళ్ళెవరన్న చూస్తె ఏమంటరు? ఇంత దుకాణం ఉండి పిల్లను గవర్నమెంటు దాంట్ల ఏసిండ్రా అనరా?"

"నాది ఇయ్యి" సంగతి చెప్పాను. ఆమె కూరగాయల కత్తి పీట మీద పెట్టింది. తర్వాత, "దసరా దాంక" అంది. సరే, దసరా దాకా. ఎవరైనా అడిగితే అశోక్ నగర్‌లో ప్లే స్కూలని చెప్పాలి. ఎలాగూ ఆడుకునే బడే కదా, అబద్ధమేమీ కాదు.

జులై 6

నవనీత టీచరు బాగా మర్యాద తెలిసిన మనిషి. రోజూ, "సార్, మీరు జర చాయ్ తాగి రాండ్రి, అట్ల తిరిగి రాండ్రి" అంటుంది. ఆమె మాట తీసేయలేక ఒకసారి వెళ్ళి తొందరగా వచ్చేస్తాను. నేను లేకపోతే పిల్ల బెంగపడుతుంది.

జులై 8

ఇవాళ నా మనసు బాగాలేదు. ఎవరో దంపతులు తమ పిల్లవాడి పుట్టినరోజని బిస్కెట్ పాకెట్లు పంచడానికి వచ్చారు. వరసగా ఇస్తూ వచ్చి అనూహ్య ముందు ఆగారు. ఇస్త్రీ గౌను, సాక్సులు చూశారు. "ఈ పాప టీచర్ గారి పాపా?" అని నవ్వి, దాటుకుని పోయారు. అందరి చేతుల్లోనూ పాకెట్లు. మా పిల్ల తన ఖాళీ చేతులు చూసుకుంది. శివలీల తన పాకెట్ పళ్ళతో చింపి సగం దీని ఒళ్ళో పోసింది, అది వేరే సంగతి. కానీ అందరిలో నుంచి వేలు పెట్టి చూపించినట్టు పక్కన పెట్టారే, అదీ నా బాధ.

నలుగురిలో కలవాలంటే నలుగురిలా ఉండాలి. ఈ ముక్క హైదరాబాదులో నాకంటే బాగా ఎవరికి తెలుసు?

జులై 9

గోడౌన్‌లో మెరూన్ గళ్ళ తాన్లు ఉన్నాయి. పోయిన ఏడు ఒక బడివాళ్ళు రంగు మార్చుకోవడంతో మిగిలిపోయాయి. వాటిని వదిలించుకోవడానికి కాదు ఇది. ఉదయ్ మాత్రం అలాగే మాట్లాడాడు, "పోనీ తియ్యి బాపు, ఎట్లయిన పడున్నయే గద" అని. వాడికి అసలు విషయం ఎక్కడ అర్థమవుతుంది?

మా టైలరు కృష్ణయ్య కొలతలు అడిగాడు. కళ్ళతోనే తీశానని చెప్పాను. అంగన్‌వాడీలో ఆడపిల్లలకి గౌన్లు, మగపిల్లలకి చొక్కా నిక్కరు. ఎంత కాలానికి మళ్ళీ టేపు మెడలో వేసుకున్నానో.

జులై 15

పంచాను. ఒక్కటంటే ఒక్కటి బిగుతు కాలేదు, వదులు కాలేదు. నవనీత, "పై ఆఫీసుల అడగాల్నేమో సార్" అని కొంచెం నసిగింది గానీ, పిల్లలు అప్పటికే తొడిగేసుకున్నారు. అందర్నీ వరసగా నిలబెట్టాను. వెనక నుంచి చూస్తే అనూహ్య ఎవరో శివలీల ఎవరో నాకే తెలియలేదు. ఫోటో తీసి ఉదయ్‌కి పంపాను. బొటనవేలు బొమ్మ పెట్టాడు.

మనసు నిండింది. అందరూ అవే తొడుక్కుని ఇళ్ళకి వెళ్ళారు.

జులై 17

సగం మంది రాలేదు. శివలీల కూడా రాలేదు. నిన్న బోనాలు కదా, అలసిపోయి ఉంటారు.

జులై 18

ఇంకా తగ్గారు. ముసురు పట్టింది. వానకి పిల్లల్ని ఎవరు పంపుతారు?

జులై 19

అనూహ్య, వాచ్‌మన్ కొడుకు, అంతే. గుమ్మానికి ఒక ప్లాస్టిక్ సంచి తగిలించి ఉంది. అందులో శివలీల గౌను, ఉతికి మడత పెట్టినది.

"ఏమైందమ్మా వీళ్ళందరికి?"

నవనీత కొంగు చివర మెలితిప్పుతూ చెప్పింది. "డ్రెస్సులు జూసి బుగులు వడ్డరు సార్. ఇది ప్రైవేటు అయితుందంట, ఇంగ ఫీజులు కట్టాల్నంట. ఎవరికి దోస్తె వాల్లు అనుకుంటుండ్రు. నేను ఇంటింటికి వొయ్యి జెప్పిన. డ్రెస్సు ఎందుకు ఇచ్చిండ్రు మల్ల అంటుండ్రు."

కోపం వచ్చింది. బాగా వచ్చింది. ఉచితంగా ఇచ్చినా అనుమానమేనా! మంచికి పోతే ఇదా! టీచరుకి ఈ మాటే చెప్పి ఇంటికి వచ్చేశాను.

జులై 20

వాన.

జులై 21

వాన. బడులకి సెలవు ఇచ్చారు. తప్పు నాది కాదు.

జులై 23

అనూహ్య కిటికీ దగ్గర నిలబడి "శివ" అంటోంది. ఆ ఒక్క మాటే. బిస్కెట్ ఇచ్చాను, బొమ్మ ఇచ్చాను. అది కాదని తల ఊపుతుంది.

జులై 25

ఇవాళ ఆ మాట కూడా లేదు.

నేను చెడగొట్టానా?

జులై 28

వాన తెరిపిచ్చింది. సెంటర్ తెరిచారు. అనూహ్య మొదటి రోజులాగే చెప్పుల దగ్గర కూర్చుంది. పిల్లలు లేరు, పాట లేదు. నవనీత ఒక్కతే చప్పట్లు కొడుతూ మా పిల్లకీ వాచ్‌మన్ పిల్లవాడికీ పాడి వినిపించింది. ఎవరూ రాకపోతే ఈ సెంటర్‌ని ఇంకోదాంట్లో కలిపేస్తారేమోనని ఆమె భయం. నా భయం నాది. ఈ పిల్ల నోరు విప్పింది ఇక్కడ ఒక్కచోటే. ఇదీ పోతే ఇంకెక్కడికి తీసుకుపోవాలి?

శివలీల వాళ్ళమ్మ సరిత పొద్దున్నే అశోక్ నగర్ కూలీల అడ్డా మీద ఉంటుందట. రేపు వెళతాను.

జులై 29

వెళ్ళాను. ఉన్నదున్నట్టు రాసుకోవాలి.

అడ్డా మీద జనం ఎక్కువగా ఉన్నారు, వానకి పనులు లేక. నన్ను చూసి స్లాబు పని చేయించడానికి వచ్చాననుకుని చుట్టూ మూగారు. సరిత ఎవరని అడిగితే పలుచని మనిషి ముందుకి వచ్చింది, చేతిలో అన్నం టిఫిను, భుజాన తువ్వాలు. పక్కన ఆమె భర్త నగేష్.

"ఫీజు లేదమ్మా, ఏమీ లేదు. బట్టలు నేనే ఇచ్చిన" అన్నాను.

"ఇప్పుడు ఉండదు సారు. మా పెద్దోన్ని గిట్లనే ఒక ప్రైవేటు దాంట్ల ఏసినం. మొదాలు డ్రెస్సు ఉత్తగనే ఇచ్చిండ్రు. ఎనకసిరి బూట్లన్నరు, టై అన్నరు, ఫీజన్నరు. కట్టలేకపోతె పరీచ్చ రాయనియ్యలే. డ్రెస్సు జూస్తెనే మాకు గుండె గుబేలుమంటది."

నేను ఎన్ని డ్రెస్సులు అమ్మి ఉంటాను! కొనలేనివాళ్ళకి గుడ్డ ఎలా కనబడుతుందో ఎన్నడూ అనుకోలేదు. సిగ్గేసింది.

"నేను బడి పెట్టేటోన్ని కాదమ్మా."

"మరెందుకు ఇచ్చిండ్రు? మా పిల్లల బట్టలు మంచిగ లేవనా?"

కాదన్నాను. మా పిల్ల వేరుగా కనబడకూడదని ఇచ్చానన్నాను.

ఆమె విసుక్కోలేదు. తెలుసుకోవాలన్నట్టు నా మొహంలోకి చూసి అడిగింది. "గదే సారు మా డౌటు. కారున్నోల్లు మీరు. పైసలిచ్చి మంచి దాంట్ల ఏస్కోవచ్చు. మీ పిల్లను తెచ్చి మా దాంట్ల ఎందుకు కూసోవెట్టిండ్రు? పొద్దంక కుర్చేస్కొని ఎందుకు జూస్తుండ్రు? ఎవరికన్న అనుమానం రాదా?"

నిజమే. నేను అందరినీ అంతలా చూస్తున్నాను, వాళ్ళూ నన్ను చూస్తారని తట్టలేదు. అడ్డా అంతా వింటోంది. ఇంట్లో కూడా అనని మాట అక్కడ నిలబడి అన్నాను.

"మా పిల్ల మాట్లాడదమ్మా. అందుకే దాన్ని ఎవ్వరూ తీస్కోలే. మీ శివలీలతోని ఒక్క మాట మాట్లాడింది. అందుకోసమని తెస్తున్న."

సరిత నగేష్ వైపు చూసింది. తర్వాత ఒక్కసారిగా పక్కున నవ్వింది.

"మాట్లాడదా! ఎవలు, మీ అనూహ్యనా? మా దానితోని కొట్లాట వెట్టుకుంటదంట గద సారు! క్లిప్పు నాది, పలక నాది, టీచరు నా పక్కకే కూసోవాలె అంటదంట. రోజు ఇంటికొచ్చి మా లీల చెప్పుడే చెప్పుడు."

"నేను రోజూ అక్కడనే ఉంటగదమ్మా. నేను వినలే."

"మీరుంటె మాట్లాడదంట." ఆమె నవ్వు తగ్గించింది, పెద్దవాడినని. "తాత చాయ్ తాగనీకి పోంగనే షురూ వెడ్తదంట. తాత రాంగనే బంద్."

ఇంతలో మేస్త్రీ ఎవరో వచ్చి పిలిస్తే నగేష్ వెళ్ళిపోయాడు. నేను అక్కడే నిలబడ్డాను. ఎంత సంతోషమో చెప్పలేను. దాంతోపాటే ఎవరో చెంప మీద కొట్టినట్టూ ఉంది.

"సోమవారం తోలిస్త సారు" అంది సరిత. "గని డ్రెస్సు వద్దు."

దారిలో నవనీత దగ్గర ఆగాను. తెలుసా అని అడిగాను. తెలుసు. "పెద్దోళ్ళు మీరు, లెవ్వమని ఎట్ల జెప్తం సార్? అందుకే చాయ్‌కి పొమ్మన్న" అంది.

జులై 30

అరుంధతికి చెప్పాను, అంతా. "మన పిల్ల కొట్లాడుతదా?" అని మురిసిపోయింది. ఆ తర్వాత మెల్లగా, "నీళ్ళు అడగకముందే నువ్విస్తవు, పేరు అడిగితె నువ్వే చెప్తవు. ఇగ దానికి మాటలతోని ఏం పని?" అంది. మరి ఇన్నాళ్ళూ నాతో ఎందుకనలేదని అడిగాను. దుకాణం పోయాక నాకు ఆ ఒక్క పనైనా ఉండనీ అనుకుందట.

దుకాణం పోలేదు. కొడుకు చూసుకుంటున్నాడు, అంతే.

జులై 31

శివలీల వచ్చింది. నూనె పెట్టిన రెండు జడలు, అన్న చొక్కా మోకాళ్ళ దాకా. బబ్లూ వచ్చాడు, చొక్కా అప్పుడే చిరిగి ఉంది. ఆటో డ్రైవరు కూతురు, బెంగాలీ పిల్ల, తల్లుల వెనక నుంచి ఇంకా ఒకరిద్దరు. అందరూ రాలేదు, వస్తారని నవనీత అంటోంది. ఎవరి బట్టలు వాళ్ళవి, ఏ రెండూ కలవవు. కంటికి బాగానే ఉంది.

నేను గుమ్మం దగ్గరే వదిలి వెళ్ళాలని ఇంట్లో గట్టిగా అనుకునే బయలుదేరాను. తీరా అక్కడికి వెళ్ళేసరికి కాళ్ళు వాటంతట అవే చెప్పులు విడిచాయి. ఒక్క అయిదు నిమిషాలు చూసి పోదాం, మొదటి రోజు కదా, అనుకున్నాను. నా కుర్చీ గోడకి ఆనించి ఉంది. దాని మీద చెయ్యి వేశాను.

అనూహ్య శివలీల పక్కన కూర్చోబోతున్నదల్లా ఆగింది. వెనక్కి వచ్చింది. నా చెయ్యి కుర్చీ మీది నుంచి తీసింది. గది మొత్తం చూస్తుండగా, శివలీల అనే తీరులోనే, స్పష్టంగా అంది:

"తాతా, ఇంగ నువ్వు ఇంటికి పో."

పోయాను. సందు మలుపు దాకా వెనక్కి చూడలేదని రాస్తే అబద్ధం.

ఇంటికి రాగానే అరుంధతికి చెప్పాను. "ఏమన్నది? మల్ల చెప్పు" అంది. చెప్పాను. మళ్ళీ చెప్పమంది. రాత్రి దాకా అలా చెబుతూనే ఉన్నాను. పుట్టిన తర్వాత ఆ పిల్ల నాతో అన్న మొదటి నిండు మాట అదే.